‘పడింది’ అని పంపే ముందు: మండల విలేకరులకు ఒక డెస్క్ మనిషి మాట

వాన పడింది. పిడుగు పడింది. చీనీ (బత్తాయి) ధర పడిపోయింది. కాలువకు గండి పడింది. లారీ బోల్తా పడింది. నిందితుడికి రిమాండ్ పడింది. అధికారిపై వేటు పడింది. రైతుల ఖాతాల్లో డబ్బులు పడ్డాయి. సభ వాయిదా పడింది. ప్రచారానికి తెర పడింది.

అనంతపురం జిల్లా పేజీలు దిద్దే డెస్కుకు ఒక్క సాయంత్రం చేరే వార్తల్లోంచి వాక్యాల చివరలు మాత్రం ఏరి పెడితే ఇలాగే ఉంటాయి. వ్యవసాయం, నేరం, కోర్టు, రాజకీయం, ఆటలు అన్నింటినీ ఒక్క క్రియే మోస్తోంది. ఏళ్ల తరబడి ఈ మాటను దిద్దుతూ, కొన్నిచోట్ల కొట్టేస్తూ, చాలాచోట్ల అలాగే వదిలేస్తూ వచ్చినవాణ్ని కాబట్టి, కొత్తగా విలేకరులైనవారి కోసం నేను పాటించే పద్ధతి రాస్తున్నాను.

ముందే చెప్పాలి, నాకు ‘పడు’ మీద కోపం లేదు. ‘సంభవించింది’, ‘చోటుచేసుకుంది’ అని రాసేవారికన్నా ‘పడింది’ అని రాసేవారే నాకు ఇష్టం. చిన్న మాట. సింగిల్ కాలమ్ శీర్షికలో ఇట్టే ఇముడుతుంది. టీకొట్టులో ఒకరు చదువుతుంటే పక్కన కూర్చున్న పెద్దాయనకు వినగానే అర్థమవుతుంది. నా తగవంతా ఒక్కటే. ఈ మాట వాడితే పని కనిపిస్తుంది, పని చేసినవాడు కనిపించడు. వానకు అది సరిపోతుంది. వేటుకు సరిపోదు.

వేశారా, పడిందా

‘పడు’కు జంటగా మన భాషలో ‘వేయు’ ఉంది. శిక్ష పడిందంటే ఎవరో శిక్ష వేశారు. వాయిదా పడిందంటే ఎవరో వాయిదా వేశారు. ఓటు పడిందంటే ఎవరో ఓటు వేశారు. డబ్బులు పడ్డాయంటే ఎవరో వేశారు. విత్తనం పడిందంటే ఎవరో వేశారు. కానీ వాన వేశారని ఎవరూ అనరు, పిడుగు వేశారనీ అనరు.

కాబట్టి వార్త రాయడం అయ్యాక, పంపే ముందు, ‘పడింది’ ఉన్న ప్రతి వాక్యాన్నీ ‘వేశారు’తో మార్చి ఒకసారి పైకి చదవండి. ‘వేశారు’ కుదరకపోతే ‘కొట్టారు’, ‘దించారు’, ‘తగ్గించారు’ పెట్టి చూడండి. గండి కొడతారు, తెర దించుతారు, ధర తగ్గిస్తారు. వాక్యం నిలబడిందంటే దాని వెనుక మనిషి ఉన్నాడు. ఆ మనిషి ఎవరో మీ నోటు పుస్తకంలో ఉంటే వార్తలోకి ఎక్కించండి. లేకపోతే ఇంకా ఒక ఫోను చేయవలసి ఉంది. వాక్యం నిలబడకపోతే ‘పడింది’ని ముట్టుకోకండి. అప్పుడు మీ పని ఎవరు అన్నది కాదు, ఎంత, ఎక్కడ, ఎప్పుడు అన్నది.

పద్ధతి ఇంతే. అయితే ఒక్కో విషయంలో ఒక్కో మెలిక ఉంది.

వాన, విత్తనం

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దగ్గర ఆగిపోయే జిల్లా మనది. పడమటి కనుమల వర్షచ్ఛాయలో ఉండడంతో నైరుతి రుతుపవనాలు ఇక్కడికి వచ్చేసరికే అలసిపోతాయి. ఇలాంటి చోట వాన వార్త లోపలి పేజీ వార్త కాదు. అందుకే దీన్ని కొలతతో రాయాలి.

వాతావరణ శాఖ లెక్క ఉదయం 8.30 నుంచి మరునాటి ఉదయం 8.30 వరకు. ‘నిన్న రాత్రి పడింది’ అని మీరు రాసిన వాన, ఆ లెక్కలో ఈ రోజు ఖాతాలో ఉంటుంది. రెండు పత్రికల్లో రెండు అంకెలు రావడానికి సగం కారణం ఇదే. 24 గంటల్లో 2.5 మిల్లీమీటర్లకు చేరితేనే దాన్ని వర్షపు రోజుగా లెక్కిస్తారు. 64.5 నుంచి భారీ, 115.6 నుంచి అతి భారీ, 204.5 నుంచి అత్యంత భారీ వర్షం. అంటే ‘భారీ’ అన్నది మీ ఆశ్చర్యాన్ని చెప్పే మాట కాదు, కొలత ఉన్న మాట. గంటలో 40 మిల్లీమీటర్లు పడి అనంతపురం పాతూరు వీధులు నీళ్లతో నిండిపోతే ఆ సంగతి అలాగే రాయండి. ‘గంటలో 40 మిల్లీమీటర్లు’ అన్న మాటకు ‘భారీ’ తోడు అక్కర్లేదు.

‘వర్షపాతం పడింది’ అని రాయకండి. పాతం అంటేనే పడడం. వర్షం పడుతుంది, వర్షపాతం నమోదవుతుంది.

జిల్లా సగటును నమ్మి శీర్షిక పెట్టకండి. గుత్తిలో దంచికొట్టి, రాయదుర్గంలో మబ్బు కూడా పట్టకపోయినా సగటు అందంగానే కనిపిస్తుంది. మరునాడు పొద్దున్నే రాయదుర్గం వైపు నుంచి ఫోను వస్తుంది. ‘ఏమప్పా, వాన పడిందని రాశారు, మా చేలో దుమ్ము లేస్తోందే’ అంటారు. ఎక్కువ పడిన మండలం, తక్కువ పడిన మండలం, చుక్క పడని మండలం, ఈ మూడూ ఇస్తే సగటు ఇవ్వకపోయినా పరవాలేదు.

రైతు నిజానికి మిల్లీమీటర్లు అడగడు. పదును అయిందా లేదా అని అడుగుతాడు. వేరుశనగ వేయడానికి భూమి లోపలికి ఎంత తడి దిగిందో, ఆ మండలంలో ఒకరిద్దరు రైతులను అడిగి ఒక్క వాక్యం చేర్చండి. ఆ వాక్యం కోసమే ఆ వార్త చదివేవారున్నారు. ఇక ‘విత్తనం పడింది’ అన్నప్పుడు మన పరీక్ష పనిచేస్తుంది. ఎవరు వేశారు, ఎన్ని ఎకరాల్లో, విత్తనం ఎక్కడిది? రైతు సేవా కేంద్రంలో రాయితీ మీద తెచ్చిందా, వ్యాపారి దగ్గర అప్పు పెట్టి తెచ్చిందా? వాన పడక మొక్క ఎండిపోయిన రోజు ఆ వివరమే అసలు వార్త అవుతుంది.

తొలకరి పడగానే కర్నూలు జిల్లాలో తుగ్గలి, జొన్నగిరి వైపు పొలాల్లో వజ్రాల కోసం వెతికేవాళ్లు బారులు తీరుతారు. అక్కడ వజ్రం పడదు, దొరుకుతుంది. ఎంతకు అమ్ముడైందో ఊరంతా చెబుతుంది, ఎవరు కొన్నారో మాత్రం ఒక్కరూ చెప్పరు. కొన్నవారి ఆచూకీ లేని వజ్రానికి లక్షల ధర కట్టి శీర్షిక పెట్టడం నాకు నచ్చదు.

పిడుగు విషయంలో ‘పడింది’ చాలు. మనిషి చెట్టు కింద ఉన్నాడా, మేకలు తోలుకొస్తున్నాడా అన్నది రాస్తే చదివినవారు రేపు జాగ్రత్త పడతారు. అల్పపీడనం ‘ఏర్పడుతుంది’, ‘బలపడుతుంది’, ‘బలహీనపడుతుంది’. ఇవి శాఖవారి మాటలే, వాడుకోండి. కానీ అల్పపీడనాన్ని చూడగానే తుపాను అని రాయకండి. గాలి వేగం గంటకు 31 కిలోమీటర్లకు చేరితే వాయుగుండం, 50కి చేరితే తీవ్ర వాయుగుండం, 62కి చేరితేనే తుపాను.

బోరు

ఈ రెండు క్రియలూ ఒకే వాక్యంలో ఎదురెదురుగా నిలబడే చోటు మన జిల్లాలోనే ఎక్కువ. ‘బోరు వేశారు, నీళ్లు పడలేదు.’ మాది ఉరవకొండ వైపు. మా నాన్న బోరు లారీ వచ్చిన రాత్రి నిద్రపోయేవాడు కాదు. వేసేది మనం, పడేది దాని ఇష్టం అనేవాడు. బోరు వార్తలో ఆ రెండు సగాలనూ రాయాలి.

‘పడలేదు’ సగం త్వరగా అయిపోతుంది. ఎన్ని అడుగులు వేశారు, ఎక్కడ తడి మట్టి వచ్చింది, ఎక్కడి నుంచి దుమ్ము మాత్రమే లేచింది. నీళ్లు పడితే ఎన్ని ఇంచులు పడ్డాయి. ‘పుష్కలంగా పడ్డాయి’ అని రాస్తే ఏ రైతుకూ ఏమీ తెలియదు, ‘రెండు ఇంచుల నీళ్లు’ అంటే ఆయనకు ఎన్ని ఎకరాలు తడుస్తాయో లెక్క వచ్చేస్తుంది. ‘వేశారు’ సగమే విలేకరులు వదిలేస్తున్నారు. అడుగుకు ఎంత తీసుకున్నారు, కేసింగ్ పైపు ఖర్చు ఎవరిది, డబ్బు బ్యాంకు అప్పా, నూటికి రెండు మూడు రూపాయల వడ్డీ అప్పా? ఎండిపోయిన బోరు పక్కనే మరొకటి ఎవరు చూపిస్తే వేశారు, కొబ్బరికాయ పట్టుకుని తిరిగిన మనిషి చూపిస్తేనా, భూగర్భ జల శాఖవారి సర్వేతోనా? 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం ప్రకారం కొత్త బోరుకు అనుమతి కావాలి. ఉందా అని అడగండి. నీటి ఎద్దడి ఉన్న ఊళ్లో పక్కపక్కనే బోర్లు లేస్తుంటే, పక్కవాడి బోరులో నీళ్లు ‘తగ్గిపోవడం’ కూడా దానంతట అది జరగదు.

ధర

‘చీనీ ధర పడిపోయింది’, ‘టమాటా ధర పడిపోయింది’. ఎత్తు మీద నుంచి ధర తనంతట తాను జారిపడ్డట్టు ఉంటుంది వాక్యం. మార్కెట్లో ధరను ఎవరో ఒకరు నోటితో చెబుతారు. అనంతపురం చీనీ మార్కెట్లో టన్నుకు చెబుతారు, కక్కలపల్లి టమాటా మండీలో బాక్సుకు చెబుతారు, ఆదోని పత్తి యార్డులో క్వింటాలుకు చెబుతారు. ముందు ఈ కొలత రాయండి. బాక్సు అంటే ఎన్ని కిలోలో కూడా రాయండి. ఒక మార్కెట్ బాక్సు ఇంకో మార్కెట్ బాక్సుతో సమానం కాదు.

తర్వాత మూడు ధరలు. గరిష్ఠం, కనిష్ఠం, ఎక్కువ సరుకు అమ్ముడైన ధర. గరిష్ఠ ధర పట్టుకుని ‘పత్తికి రికార్డు ధర’ అని రాసిన రోజు, ఆ ధర వచ్చింది ఒకటి రెండు లాట్లకే అయి ఉండవచ్చు. మూడో అంకె అడగని విలేకరికి యార్డులో ఏం జరిగిందో తెలియనట్టే. మార్కెట్ కమిటీవారి దగ్గర మూడూ ఉంటాయి.

ఆపైన పరీక్ష. ధర ఎవరు తగ్గించారు? ఆ రోజు వేలంలో పాడినవారు ఎందరు? పది మంది వ్యాపారులు రావలసిన చోట ముగ్గురే వచ్చారా? లారీలు దొరకలేదా? పక్క రాష్ట్రంలో అదే పంట కోతకొచ్చిందా, బెంగళూరు కొనుగోలుదారులు అక్కడికి వెళ్లారా? ‘దిగుబడి ఎక్కువై ధర పడిపోయింది’ అని వ్యాపారి చెప్పిన మాటను వ్యాపారి మాటగానే రాయాలి, మన మాటగా కాదు. ధర నిలబడ్డప్పుడు కూడా రైతు చేతికి అది పూర్తిగా రాదు. తరుగు ఎంత తీశారు, సూట్ పేరిట టన్నుకు ఎన్ని కిలోలు అదనంగా తీసుకున్నారు, కమీషన్ ఎంత, హమాలీ ఎంత? అమ్మకం లెక్క రాసి ఇచ్చే పట్టీ కాగితం మీద ఇవన్నీ ఉంటాయి. ఒక రైతును అడిగి పట్టీ చూడండి. ఆయన పేరు వేయవద్దంటే వేయకండి, అంకెలు చాలు.

‘రైతుకు గుండెకోత’, ‘కన్నీళ్లు పెట్టిస్తున్న ఉల్లి’ అని నాకు పంపకండి. ఉల్లి శీర్షికలో కన్నీళ్లు పెట్టని సబ్ ఎడిటర్ కర్నూలులో ఒక్కరైనా ఉంటే కలవాలని ఉంది.

గండి

‘కాలువకు గండి పడింది’ అన్న వాక్యాన్ని నేను అలాగే పంపించను. కాలువ కట్ట ఊరికే తెగదు. రైతులు నీళ్ల కోసం కొట్టి ఉండవచ్చు, ఎలుక బొరియల నుంచి కారి కారి తెగి ఉండవచ్చు, పూడిక తీయక, లైనింగ్ దెబ్బతిన్నా బాగుచేయక పోయి ఉండవచ్చు, ఎగువ నుంచి కాలువ పట్టనంత నీరు వదిలి ఉండవచ్చు. ఇవన్నీ వేరువేరు వార్తలు, వేరువేరు మనుషులు. హెచ్చెల్సీ (తుంగభద్ర ఎగువ కాలువ) అయినా, కేసీ (కర్నూలు–కడప) కాలువ అయినా అడగవలసింది ఇదే: ఎన్నో కిలోమీటరు దగ్గర, ఆ పూట ఎన్ని క్యూసెక్కులు పారుతోంది, కిందటి వేసవిలో అక్కడ మరమ్మతు జరిగిందా, బిల్లు ఎవరికి చెల్లించారు?

కడప జిల్లా విలేకరులకు ఇది నేను చెప్పనవసరం లేదు. 2021 నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయి కింద పులపుత్తూరు, మందపల్లి లాంటి ఊళ్ల మీదికి నీళ్లు వచ్చాయి. దాన్ని ‘గండి పడింది’ అని రాయడం కొలతలోనూ తప్పే. గండి అంటే కట్టలో ఒకచోట తెగడం, అక్కడ కట్టే పోయింది. గేట్ల నిర్వహణ మీద ప్రశ్నలు తర్వాత పార్లమెంటు దాకా వెళ్లాయి. ఆ ప్రశ్నలకు తావు ఇచ్చే క్రియ మొదటి రోజు వార్తలోనే ఉండాలి. ‘వరద ఉద్ధృతికి’ అని మొదలుపెడితే, కారణం వరదేనని తీర్పు చెప్పేసినట్టు.

2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర జలాశయం 19వ గేటు విషయంలో మాట కాస్త నయంగా పడింది. గొలుసు తెగి గేటు కొట్టుకుపోయిందని ఎక్కువమంది రాశారు. డ్యామ్ హొసపేట దగ్గర కర్ణాటకలో ఉన్నా, దాని నీళ్లు తాగేది మనమూ కాబట్టి ఆ వార్త మన జిల్లా వార్తే. ‘గేటు పడిపోయింది’ అంటే ఏమీ చెప్పినట్టు కాదు. ‘గొలుసు తెగింది’ అనగానే పాఠకుడే అడుగుతాడు, ఆ గొలుసును చివరిసారి ఎవరు చూశారని.

బోల్తా

44వ నంబరు జాతీయ రహదారి కర్నూలు నుంచి గుత్తి, అనంతపురం మీదుగా వెళ్తున్నంత కాలం ఈ వాక్యం వస్తూనే ఉంటుంది: ‘అదుపు తప్పి బోల్తా పడింది.’ ఇక్కడ పరీక్ష సరిగా పనిచేయదు, ‘బోల్తా వేశారు’ అనం. అందుకే ‘అదుపు తప్పి’ని పట్టుకోండి. అది పోలీసుల మొదటి మాట. చనిపోయిన డ్రైవరు మీద తప్పు మోపి ఫైలు మూసే మాట. టైరు పేలిందా, దారిలో లైట్లు లేకుండా లారీ ఆగి ఉందా, డివైడరు పగలగొట్టి చేసిన అడ్డదారి ఉందా, కూలీల ఆటోలో ఎంతమందిని ఎక్కించారు? తెలియకపోతే ‘అదుపు తప్పి’ తీసేసి ‘బోల్తా పడింది’ అని మాత్రం రాయండి. ఆ ఒక్కచోట నాకు ‘పడింది’ మేలు.

కోర్టు, ఠాణా

‘కేసు పడింది’ రాయకండి, పోలీసులు కేసు నమోదు చేశారు. ‘రిమాండ్ పడింది’ అంటే చదివినవారు శిక్ష అనుకుంటారు. రిమాండ్ శిక్ష కాదు, విచారణలో ఉన్న మనిషిని మేజిస్ట్రేటు జైలుకు పంపడం.

‘శిక్ష పడింది’ మాత్రం మంచి వాక్యమే, కానీ దానికి ముందు ఇంకో వాక్యం కావాలి: నేరం రుజువైందని కోర్టు చెప్పింది. ఏ కోర్టు, ఏ సెక్షన్? 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది. అంతకుముందు జరిగిన నేరానికి ఇప్పుడు తీర్పు వచ్చినా పాత ఐపీసీ సెక్షనే ఉంటుంది. హత్యకు అప్పుడు 302, ఇప్పుడు 103. నేరం జరిగిన తేదీ చూసుకోకుండా సెక్షన్ రాస్తే తప్పు రాసినట్టే.

ఇంకో చిక్కు. ఒక సెక్షన్ కింద పదేళ్లు, ఇంకో సెక్షన్ కింద ఐదేళ్లు వేసి, రెండూ ఏకకాలంలో అమలు కావాలని తీర్పులో ఉంటుంది. కూడిక చేసి ‘15 ఏళ్ల జైలు’ అని శీర్షిక పెట్టేస్తారు. ఆ మనిషి ఉండేది పదేళ్లే. ‘ఏకకాలంలో’ అన్న మాట ఉందా లేదా అని ప్రభుత్వ న్యాయవాదిని అడగకుండా అంకె వేయకండి. అత్యాచార కేసుల్లో బాధితురాలి పేరు, ఊరు, బడి, తండ్రి పేరు, ఏదీ రాకూడదు. న్యాయ సంహిత 72వ సెక్షన్ ఉంది. చిన్న ఊళ్లో ‘ఫలానా వీధిలో కిరాణా కొట్టు నడిపేవారి అమ్మాయి’ అంటే పేరు రాసినదానికన్నా ఎక్కువ.

విచారణ ‘వాయిదా పడింది’ అంటే ఎవరు అడిగితే, ఏ తేదీకి? ‘నేరానికి పాల్పడ్డాడు’ అని రుజువు కాకముందు రాయకూడదు, ‘పాల్పడ్డాడని పోలీసులు చెబుతున్నారు’ అనాలి. ఎర్రచందనం వార్తల్లో ‘దుంగలు పట్టుబడ్డాయి, దొంగలు పరార్’ అన్న వరస బాగా కుదిరింది కాబట్టి అందరూ రాస్తున్నారు. దుంగలు ఎవరి లారీలో ఉన్నాయి, ఆ లారీ ఎవరి పేరున ఉంది అన్నది ఆ ప్రాసలో కొట్టుకుపోతోంది.

‘పాల్పడు’ను నేను పూర్తిగా నిషేధించిన చోటు ఒకటుంది. అప్పులపాలైన రైతు ‘ఆత్మహత్యకు పాల్పడ్డాడు’ అని రాయకండి. దొంగతనానికి పాల్పడతారు, దాడికి పాల్పడతారు. ఆ వరసలో ఈ మనిషిని నిలబెట్టకూడదు. ‘ప్రాణం తీసుకున్నాడు’ అనండి. ఎలా తీసుకున్నాడో వర్ణించకండి, మొదటి పేజీలో పెద్ద అక్షరాలు కోరకండి. ప్రెస్ కౌన్సిల్ 2019లోనే ఈ విషయంలో మార్గదర్శకాలు ఇచ్చింది. అప్పు ఎంత, ఎవరిది, పంటల బీమా వచ్చిందా అన్నవి రాయండి.

డబ్బులు

‘ఖాతాల్లో డబ్బులు పడ్డాయి’ అని రాయడానికి మూడు తేదీలు తెలియాలి. మంజూరు చేసిన తేదీ, విడుదల చేసిన తేదీ, జమ అయిన తేదీ. వేదిక మీద నాయకుడు చెప్పేది రెండోది. రైతుకు కావలసింది మూడోది. పీఎం కిసాన్ లాంటిది ఏడాదికి 6,000 రూపాయలు, మూడు విడతలుగా రెండు వేల చొప్పున వస్తుంది. విడుదల అయిన రోజున ఊళ్లో నలుగురిని పిలిచి ఫోనులో బ్యాంకు సందేశం చూపించమనండి. ఇద్దరికి పడి ఇద్దరికి పడకపోతే అదే వార్త. పడనివారికి ఆధార్ అనుసంధానం లేకా, ఈకేవైసీ కాకా అని అడిగి రాస్తే మిగతావారు వెళ్లి సరిచేసుకుంటారు.

రాజకీయం, ఆట

తీర్మానం వీగిపోతుంది, ప్రభుత్వం పడిపోతుంది. ఈ తేడా మున్సిపాలిటీ అవిశ్వాసాల్లోనూ ఉంచండి. సభలో లెక్క తేలకుండా ‘పడిపోయింది’ అనకూడదు. 1999 ఏప్రిల్ 17న వాజ్‌పేయి ప్రభుత్వం అనుకూలంగా 269, వ్యతిరేకంగా 270 ఓట్లు పడి, ఒక్క ఓటు తేడాతో లోక్‌సభలో ఓడింది. అది పడిపోవడం. 1979 ఆగస్టులో చరణ్ సింగ్ లోక్‌సభను ఎదుర్కోకుండానే రాజీనామా చేశారు. అప్పుడు రాష్ట్రపతి మన ఇల్లూరు వారు, నీలం సంజీవరెడ్డి. లోక్‌సభను రద్దు చేశారు. ఆ సభలో ఆ ప్రభుత్వానికి వ్యతిరేకంగా ఓటు పడనే లేదు, కాబట్టి దాన్ని ‘పడిపోయింది’ అనడం సరికాదు.

పోలింగు రోజు సాయంత్రం ‘మహిళల ఓట్లన్నీ మాకే పడ్డాయి’ అని నాయకులు చెబుతారు. రహస్య ఓటింగులో అది చూసినవారు లేరు కాబట్టి ఆ మాట వారి పేరుతోనే, వారి మాటగానే పోవాలి. శాతం అంకె సాయంత్రానిది కాదు, బూత్‌లో ఎన్ని ఓట్లు పోలయ్యాయో రాసి ఏజెంట్లకు ఇచ్చే 17సీ ఫారాల లెక్క తేలాకే ఖాయం.

ఇక ‘మండిపడ్డారు’, ‘విరుచుకుపడ్డారు’. రోజుకు ఇంతమంది మండితే జిల్లాలో అగ్నిమాపక శకటాలు చాలవు. నాయకుడు ఏమన్నాడో రాయండి. మాట నిజంగా వేడిగా ఉంటే పాఠకుడికి చేయి కాలుతుంది. చప్పగా ఉంటే మీ క్రియ దాన్ని మండించలేదు.

ఆటల పేజీకి నా పరీక్ష పెద్దగా అక్కర్లేదు. 2024లో దులీప్ ట్రోఫీ మ్యాచ్‌లు అనంతపురం ఆర్డీటీ మైదానంలో జరిగినప్పుడు మన పిల్లలు రాసిన ‘వికెట్ పడింది’ వార్తలు చక్కగా ఉన్నాయి. ఎందుకంటే స్కోరుకార్డు ఎవరు తీశారో చెప్పకుండా ఊరుకోదు. రనౌట్‌ను మాత్రం బౌలర్ ఖాతాలో వేయకండి.

వేటు, ‘బడు’

‘అధికారిపై వేటు పడింది’ అన్న శీర్షిక అందరికీ ఇష్టం. వేటు అంటే సస్పెన్షనా, బదిలీనా, ప్రభుత్వానికి సరెండరా, ఉద్యోగం నుంచి తొలగింపా? సర్వీసు నిబంధనల్లో సస్పెన్షన్ అసలు శిక్ష కిందికే రాదు, విచారణ అయ్యేదాకా పక్కన పెట్టడమే. కలెక్టరు వేశారా, శాఖాధిపతి వేశారా? ఉత్తర్వు చూడకుండా శీర్షికలో కత్తి ఎత్తకండి.

చివరికి ‘బడు’. అది ‘పడు’ తమ్ముడే. ‘ఇల్లు అద్దెకు ఇవ్వబడును’ అని బోర్డు రాసుకునే ఇంటి యజమాని మీద నాకు ఫిర్యాదు లేదు, ఫోను నంబరు కింద ఉంటుంది. కార్యాలయాల ప్రెస్ నోట్లలో మాత్రం ఆ నంబరు కూడా ఉండదు: ‘సమావేశం నిర్వహించబడింది. సమస్యలు చర్చించబడ్డాయి. విచారణ చేపట్టబడుతుంది. బాధ్యులపై చర్యలు తీసుకోబడతాయి.’ నాలుగు వాక్యాలు, మనిషి ఒక్కడూ లేడు. మీరు దాన్ని ‘విచారణ చేపడతారు, చర్యలు తీసుకుంటారు’ అని దిద్ది పంపితే భాష బాగుపడుతుంది, మనిషి ఇంకా రాడు. విచారణ అధికారి పేరు, హోదా, నివేదిక ఇవ్వవలసిన తేదీ, ఈ మూడూ అడగడానికి నోటు పంపిన కార్యాలయానికి ఫోను చేయండి. చెబితే నోటులోని మిగతా భాగం కోసేసి ఆ మూడూ రాయండి. ‘ఇంకా నిర్ణయించలేదు’ అంటే అదే రాయండి: విచారణకు ఇంకా ఎవరినీ నియమించలేదు. అది నోటులో ఉన్నదానికన్నా పెద్ద వార్త, పైగా సింగిల్ కాలమ్‌లో పడుతుంది.